కుడి అంచు తిన్నగా లేదు

మా కాలువల సంస్థలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరని ముందే చెప్పేస్తున్నాను. ఉంటే సులువుగా ఉండేది. చెడ్డవాళ్ళను బతిమాలుకోవచ్చు, బదిలీ చేయించవచ్చు, ఆఖరికి చాటుగా తిట్టుకోనైనా తిట్టుకోవచ్చు. నిజాయితీగా, శ్రద్ధగా, మధ్యాహ్నం భోజనం కూడా మానేసి పనిచేసేవాళ్ళను ఏం చేస్తాం?

నా పేరు హేమనళిని. లాకుల దగ్గర షట్టర్లు ఎత్తడానికీ దించడానికీ పెట్టిన కంప్యూటర్ల బాగోగులు నేను చూస్తాను. వెనక లస్కర్లు ఇనప చక్రాలు తిప్పి షట్టర్లు ఎత్తేవారు. ఆ చక్రాలన్నీ ఊడబీకి, ఆకుపచ్చ రంగు వేసి, హెడ్డాఫీసు ముందు పూలకుండీల మధ్య నిలబెట్టారు. వాటి బదులు ప్రతి లాకు గదిలోనూ ఒక నల్ల తెర, దాని మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. బొమ్మలూ బొత్తాలూ ఏమీ ఉండవు. 'దిగువ తెరువు' అని కొడితే దిగువ షట్టరు కాస్త లేస్తుంది. 'ఎగువ తెరువు' అని కొడితే ఎగువది లేస్తుంది. మళ్ళీ కొడితే ఇంకాస్త లేస్తుంది. 'మూయి' అంటే రెండూ మూతపడతాయి. 'మట్టం' అంటే నీటిమట్టం చెబుతుంది. 'కూత' అంటే గట్టు మీద సైరను మోగుతుంది. ఏది ఏమిటో మరిచిపోతే 'సాయం' అని కొట్టాలి. అప్పుడు ఆదేశాలన్నీ ఒకదాని కింద ఒకటి, పక్కన వాటి వివరాలతో తెర మీదికి వస్తాయి.

ఈ సాయాన్ని ముగ్గురం మూడు కాలాల్లో రాశాం. మొదటాయన ఆదేశానికీ వివరానికీ మధ్య ఎడ్లబండి పట్టేంత ఖాళీ వదిలాడు. రెండో ఆయన ఖాళీ అనేదే వదల్లేదు. మూడోదాన్ని నేను. 'ఎగువ తెరువు' పక్కన రెండు వరుసలు రాశాను. 'ఎగువ షట్టరు ఎత్తుతుంది. దిగువది ఎత్తకుండా దీని జోలికి పోకండి, నీళ్ళు గట్టు మీదుగా పొర్లుతాయి' అని. చూడ్డానికి ఎగుడుదిగుడుగా ఉండేది, కాదనను. కానీ లాకు గదిలో కూర్చున్నవాళ్ళు చదువుకునేవారు, అర్థం చేసుకునేవారు, నీళ్ళు వదిలేవారు.

నారుమళ్ళ రోజుల్లో మా ఎం.డి. నందివాడ చక్రధర్ గారు చివరి లాకు తనిఖీకి వచ్చారు. మహా పద్ధతి గల మనిషి. ఏ గదిలోకి వెళ్ళినా ముందు గోడ మీద క్యాలెండరు సరిచేసి గానీ కూర్చోరు. ఆ రోజు టిఫిను పళ్ళెంలో నాలుగు ఇడ్లీలు పెడితే, వాటిని స్పూనుతో ఒక వరసకు తెచ్చి, అప్పుడు తిన్నారు. తర్వాత చేతులు కడుక్కుని తెర ముందు కూర్చుని, తమ పవిత్రమైన చూపుడు వేలితో 'సాయం' అని కొట్టారు.

తల ఒకసారి ఎడమకూ, ఒకసారి కుడికీ వంచి చూశారు.

"ఎవరు రాశారిది?" అన్నారు చివరికి. "పళ్ళు ఊడిన నోరులా ఉందేమిటి?"

"పనికి వస్తోంది సార్," అన్నాను.

"పనికి రావడం వేరు, పద్ధతి వేరు. సాయమే వంకరగా ఉంటే ఆపరేటరు ఆలోచన ఎలా ఉంటుందమ్మా? ఆలోచన వంకరైతే ప్రవాహం మాట ఏమిటి?"

"కాలువ కూడా వంకరగానే ఉంది సార్."

ఆయన కిటికీలోంచి కాలువను చూశారు. ముఖం చిన్నబోయింది. "దాని సంగతి తర్వాత చూద్దాం," అని జేబులోంచి చిన్న కాగితం తీసి ఏదో రాసుకున్నారు. నోరు పారేసుకోవడం నా పుట్టుకతో వచ్చిన జబ్బు.

మర్నాడు సర్క్యులరు దిగింది. 'ఇందుమూలముగా సమస్త లాకు సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సాయ పాఠ్యమునందు ఏకరూపత లోపించినట్లు ఉన్నతాధికారుల దృష్టికి వచ్చియున్నది. ఏకరూపత సాధించి ఆమోదము పొందువరకు, ఆమోదము లేని వివరము గల ఏ ఆదేశమునూ వాడరాదు.' అన్ని వివరాలూ ఆమోదం లేనివే కాబట్టి అన్ని ఆదేశాలూ ఆగిపోయాయి. తెర మీద ఏం కొట్టినా 'సవరణలో ఉన్నది' అని వచ్చేలా నా చేతే తాళం వేయించి, తాళం విప్పే మాట సూపరింటెండెంటు రామభద్రం గారికి అప్పగించారు. రామభద్రం గారు ఆఫీసు భాషను ఆఫీసులో వదిలి ఇంటికి వెళ్ళే మనిషి కాదు. ఆయన భార్యతో కూడా 'కూర విషయమై తమ అభిప్రాయము తెలియజేయగలరు' అంటారని చెప్పుకుంటారు.

ఎక్కడి షట్టర్లు అక్కడే బిగుసుకుపోయాయి. ఎగువ ఊళ్ళకు అప్పటికే వంతు అందింది కాబట్టి వాళ్ళకు ఫరవాలేదు. శివారు ఊరు దిగుడుపాలెం వంతు ఆ వారమే రావాలి. అది మాత్రం గాలిలో ఉండిపోయింది.

లాకు గది తలుపు మీద 'కంప్యూటరు చెడిపోయినచో' అని నా ఫోను నంబరు రాసి ఉంటుంది. పాడైంది కంప్యూటరో సంస్థో దిగుడుపాలెం రైతు గుబ్బల తాతాజీకి అనవసరం. ఫోను చేశాడు.

"మేడంగారూ, నీళ్ళెప్పుడొదుల్తారండి? నారు పసుప్పచ్చ తిరిగిపోయిందండి. మడి బీటలిచ్చేసింది. ఇంకో వారం సూత్తే ఈ యేడు ఊడుపులుండవండి. మళ్ళీ ఇత్తనం జల్లుదారంటే అదును దాటిపోద్దండి."

"సాయం సరిచేస్తున్నామండి తాతాజీ గారూ."

"ఎవరికండి సాయం?"

ఉన్న విషయం చెప్పాను. తెర మీద వరుసలు వంకరగా ఉన్నాయని, అవి తిన్నగా వచ్చేదాకా నీళ్ళు వదలకూడదని.

"వరసలు వంకరగా ఉంటే నీళ్ళు రావాండి?"

"వస్తాయి. వదలకూడదు."

"ఆయ్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా మళ్ళకి నీళ్ళొచ్చే బోదె కూడా వంకరేనండి. ఆరికి చెప్పకండేం," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గేసింది. ఫోను పెట్టేసి, ఆ వంకర వరుసలేవో తొందరగా తిన్నగా చేసేస్తే పీడా వదులుతుందని, గబగబా అన్ని వివరాలనూ ఒకే చోట మొదలయ్యేలా సర్దేసి పట్టుకెళ్ళాను. అరగంట పని. అదే నేను చేసిన తప్పు. అరగంటలో అయ్యే పనికి అప్పటికే సంఘం వేసేశారు.

ఆ సంఘం పేరు సాయ పాఠ్య ఏకరూపతా సాధన సంఘం. అధ్యక్షులు ఎం.డి. గారు, కార్యదర్శి రామభద్రం గారు, నేను ప్రత్యేక ఆహ్వానితురాలిని. అంటే టీ ఇస్తారు, ఓటు ఇవ్వరు.

మొదటి సమావేశంలో నా పని చూసి ఎం.డి. గారు తల పంకించారు. "ఎడమ అంచు బాగుంది. మరి కుడి అంచో?"

కుడి అంచు ఎవరికీ ఎప్పుడూ తిన్నగా ఉండదు సార్, ఒక్కో వివరం ఒక్కో పొడుగు కదా, అన్నాను.

"ఎందుకుండాలి?" అన్నారు ఆయన, ఎంతో జాలిగా. "కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ ఎందుకు? ప్రతి ఆదేశమూ మనదే కదమ్మా."

రామభద్రం గారు లేచారు. "ప్రతి వివరమునూ మూడేసి మాటలకు పరిమితము చేయవలెనని ప్రతిపాదించుచున్నాను."

"మరి ఎగువ తెరువు పక్కన నేను రాసిన హెచ్చరిక?"

"ఒక ఆదేశమునకు రెండు వరుసలు ఇచ్చినచో, రేపు మిగిలినవి అడగవా?"

ఏం చెప్తాం? అవి అడగవు, అవి ఆదేశాలు, అని చెప్పాను. నా అభిప్రాయం నమోదు చేయబడినది అన్నారు. మా సంస్థలో నమోదు చేయడమంటే పాతిపెట్టడం.

హెచ్చరిక తీసేశారు. అన్నీ మూడేసి మాటలయ్యాయి. 'ఎగువ షట్టరును ఎత్తును', 'ఉభయ షట్టర్లను మూయును', 'కాలువ మట్టమును చూపును', ఇలాగ. తెర మీద పెట్టి చూస్తే కుడి అంచు అప్పటికీ తిన్నగా రాలేదు. తెలుగు అక్షరాల సంగతి తెలిసిందేగా. ఒకటి బొద్దుగా ఉంటుంది, ఒకటి బక్కగా ఉంటుంది. దానికి తోడు 'ఎత్తును'లో ఒత్తు కింది వరుసలోకి కాలు చాపుతోందని ఎం.డి. గారు కనిపెట్టారు. దాన్ని కొంచెం పైకి ముడుచుకోమనడానికి వీలుందా అని నన్ను అడిగారు. లేదన్నాను. ఆయనకు ఆ రోజు అన్నం సయించలేదట.

మూడో సమావేశంలో ఆయనే దారి కనిపెట్టారు. ఆ వేళ ఆయన కళ్ళలో మెరుపు చూసి నాకు నిజంగా భయమేసింది.

"వివరాలు వేరు వేరుగా ఉన్నంతకాలం అంచులు కలవవు. అన్నిటికీ ఒకే వివరం ఇచ్చేస్తే?"

అందరూ బల్లలు చరిచారు. రామభద్రం గారి కళ్ళు చెమర్చాయి. అక్కడికక్కడే 'ఆదేశమును అమలుపరచు ఆదేశము' అనే వివరాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. అన్ని వరుసలకూ అదే. ఇక ఎడమ పక్కన ఆదేశాల పేర్లు కూడా పొట్టీ పొడుగూ కదా? వాటిని తీసేసి అంకెలు వేశారు. ఆదేశం అమలయ్యాక తెర ఇచ్చే జవాబులు కూడా రకరకాలుగా ఉన్నాయని, ఏది కొట్టినా 'ఆదేశము అమలైనది' అనే రావాలని తీర్మానించారు.

"సార్," అన్నాను, "మట్టం అడిగితే?"

"అమలైనది."

"మట్టం ఎంతో?"

"అది వివరాల్లోకి వెళ్ళడం అవుతుంది," అన్నారు ఎం.డి. గారు.

అంకెల వరస కోసం ఓరుగంటి సిద్ధాంతి గారిని పిలిచారు. వాస్తులో ఆయనకు ఎదురులేదు. జల సంబంధమైనది ఈశాన్యంలో ఉండాలన్నారు. తెరకు ఈశాన్యం ఎటు అన్న దగ్గర చిక్కు వచ్చింది. పై అంచు ఉత్తరమని ఒకరు, ఆపరేటరు ముఖం ఎటుంటే అది తూర్పని ఒకరు. చివరి లాకులో తెరను తూర్పుకు తిప్పి చూద్దామంటే వైరు అందలేదు. వైరు అందాలంటే బల్ల జరపాలి. బల్ల జరిపితే ఆపరేటరు తలుపుకు అడ్డం పడతాడు. ఆపరేటరును గది బయట కూర్చోబెట్టి, కీబోర్డు కిటికీలోంచి అందించారు. అప్పుడు ఈశాన్యం కుదిరింది. 'ఎగువ తెరువు' ఒకటో నంబరు, 'దిగువ తెరువు' ఐదో నంబరు అయ్యాయి. మధ్యలో 'మూయి' రెండు, 'కూత' మూడు, 'మట్టం' నాలుగు. ఏ నంబరు ఏదో గుర్తుపెట్టుకున్నదాన్ని నేను ఒక్కదాన్నే. దాన్ని గదిలో రాసి అతికిస్తానంటే, గోడ మీద వరుసలు కూడా సంఘం పరిధిలోకి వస్తాయన్నారు.

ఇదంతా జరుగుతుంటే తాతాజీ రోజూ ఫోను చేస్తూనే ఉన్నాడు. ముందు అడిగేవాడు, తర్వాత బతిమాలేవాడు. ఆఖర్న ఏమీ అనకుండా ఊరికే ఫోను పట్టుకుని నిలబడేవాడు. ఆ మౌనం నాకు తిట్లకన్నా బాధగా ఉండేది. బిందెలతో మోసి నారు మీద చల్లుకుంటున్నారని వాళ్ళ ఊళ్ళో వేరేవాళ్ళు చెప్పారు. నేను వెళ్ళి ఎం.డి. గారి గదిలో నిలబడి, శివారు నారు చచ్చిపోతోంది సార్, తాళం ఒక్క పూట విప్పండి అని గట్టిగానే అడిగాను.

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అంత పచ్చటి నారుకు వంకర సాయంతో నీళ్ళిస్తామా అమ్మా? పైగా ఎల్లుండే ఆవిష్కరణ. నా చేత్తో, ఏకరూప సాయంతో, దిగుడుపాలేనికే మొదటి నీళ్ళు వదులుతాను," అన్నారు.

నారు ఇప్పుడు పచ్చగా లేదు సార్ అని చెప్పాను. నమోదు చేసుకున్నారు.

చివరి లాకు దగ్గర, ఎగువ షట్టరుకూ దిగువ షట్టరుకూ మధ్య ఉన్న గట్టు మీద షామియానా వేశారు. గుంజలన్నీ ఒకే గీత మీద ఉండాలని ఎం.డి. గారి ఆజ్ఞ. తాడు పట్టి, గట్టు పొడవునా, గీత గీసినట్టు గోతులు తవ్వారు. ఆ గట్టు కింద పక్కనే దిగుడుపాలెం బోదె ఎండిపోయి పడుంది. గట్టుకు అన్ని చిల్లులు పెట్టకూడదని లస్కర్లు అన్నారట. గోతులు తిన్నగా ఉన్నాయా లేదా అని మాత్రమే వాళ్ళను అడిగారు.

తాతాజీ వచ్చాడు. ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకుని, భుజాన పార, చేతిలో గుప్పెడు నారు. గడ్డి రంగుకు వచ్చేసింది. "సూడండి మేడంగారూ, మొదల్లో ఇంకా పేణం ఉందండి. ఇయ్యాల తడి తగిల్తే లేత్తాదండి," అన్నాడు. ఆ నారు నా చేతిలో పెట్టాడు.

ఎం.డి. గారు వేదిక మీద కీబోర్డు ముందు కూర్చున్నారు. పత్రికలవాళ్ళూ, అధికారులూ, దండలూ, అందరూ నీళ్ళు బయటికి దూకే దిగువ షట్టరు వైపు తిరిగి కూర్చున్నారు. రామభద్రం గారు వీపు అడ్డం పెట్టి తాళం మాట కొట్టారు. పెద్ద తెర మీద ఏకరూప సాయం వెలిగింది. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు, ఐదింటి పక్కనా 'ఆదేశమును అమలుపరచు ఆదేశము'. కుడి అంచు తాడు పట్టినట్టు ఉంది. సభంతా చప్పట్లు. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగానే ఉంది.

ఎం.డి. గారు వేలు గాల్లో ఆపి, కాసేపు అంకెలను చూశారు. ఏది ఏదో ఆయనకు తెలియదు. అడగడం ఆయనకు చేతకాదు. మధ్యలోది కదా న్యాయమని మూడు కొట్టారు.

సైరను మోగింది. మంగళవాయిద్యం అనుకుని సిద్ధాంతి గారు అక్షతలు చల్లారు. మా వైపు రైతులకు మాత్రం సైరను మోగితే గట్టు దిగి మెరక మీదికి పోవాలని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక్కసారిగా లేచి రోడ్డు మీదికి పరుగెత్తారు.

"రైతాంగం ఆనందం పట్టలేక పరుగులు తీస్తోంది," అన్నారు ఎం.డి. గారు మైకులో. ఆ ఊపులో ఒకటి కొట్టారు.

'ఆదేశము అమలైనది.'

అందరూ దిగువ షట్టరు వైపు చూశారు. అది కదల్లేదు. వెనక ఎగువ షట్టరు లేచింది. అది ఎవరూ చూడలేదు.

ఎం.డి. గారు మళ్ళీ ఒకటి కొట్టారు. అమలైనది. మళ్ళీ కొట్టారు. అమలైనది. నేను వేదిక పక్కకు ఉరికి, "ఐదు సార్, ఐదు కొట్టండి! దిగువది ఐదు!" అని అరిచాను.

రామభద్రం గారు చెయ్యి అడ్డం పెట్టారు. "సభాముఖముగా ఒక అంకెను సిఫారసు చేయుట పక్షపాతమగును."

"నీళ్ళు వెనక నుంచి వస్తున్నాయండీ!"

"మీ అభిప్రాయము..."

నమోదు కాకముందే నీళ్ళు వచ్చాయి. ముందు గుంజల గోతుల్లోంచి బుడబుడమంటూ లేచాయి. తర్వాత గట్టు ఆ గోతుల వెంబడే, గీత గీసినట్టు, తిన్నగా విరిగింది. షామియానా మెల్లగా కూర్చుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో సిద్ధాంతి గారు ఈశాన్యం వెతుక్కుంటూ వెళ్ళారు. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి తేలుతూ గండిలోంచి దిగుడుపాలెం బోదెలోకి బయల్దేరాయి. ఎం.డి. గారు బల్ల ఎక్కి నిలబడి వాటిని చూశారు. అంత కంగారులోనూ ఆయన ముఖంలో తృప్తి కనిపించింది. "చూశారా," అన్నారు, "వరస తప్పలేదు."

రోడ్డు మీది రైతుల్లోంచి ఒక్క మనిషి మాత్రం వెనక్కి పరుగెత్తాడు. ఎర్ర తువ్వాలు. భుజాన పార. బోదె వెంబడి, నీళ్ళకన్నా ముందు, తన మడి వైపు.

షట్టరు దించాల్సింది నేనే. రెండు కొడితే చాలు. కీబోర్డు ఇంకా వేదిక మీదే, నీళ్ళకు పైనే ఉంది. అక్కడికి పది అడుగులు ఉండవు. ఎవరికీ దెబ్బ తగల్లేదని ముందు చూసుకున్నాను. తర్వాత ఎర్ర తువ్వాలు మలుపు తిరిగేదాకా చూశాను. అప్పుడు, చీర కుచ్చిళ్ళు జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని, చాలా మర్యాదగా నడిచి వెళ్ళి రెండు కొట్టాను. నేను ఎందుకంత నెమ్మదిగా నడిచానని విచారణలో ఎవరూ అడగలేదు.

విచారణ నివేదిక త్వరగానే వచ్చింది. 'సాయ పాఠ్యమునందు ఎట్టి లోపమూ కానరాలేదు. ఎడమ, కుడి అంచులు ప్రమాద సమయమందును చెక్కుచెదరలేదు. ప్రవాహమే క్రమశిక్షణ తప్పినది.' గండి పూడ్చారు. కాలువ వంకరలు సరిచేసే విషయమై కొత్త సంఘం వేశారు. ఎం.డి. గారు ఆనాడు జేబు కాగితం మీద రాసుకున్నది అదేనని అప్పుడు తెలిసింది. ప్రత్యేక ఆహ్వానితురాలిగా నన్ను పిలిచారు. తెరకు మళ్ళీ తాళం పడింది. కొత్త సంఘం నివేదిక వచ్చేదాకా నీళ్ళు లేవు.

కొన్నాళ్ళకు తాతాజీ ఫోను చేశాడు. గొంతు వినగానే పోల్చుకోలేకపోయాను, అంత హుషారుగా ఉంది.

"మేడంగారూ, నారు లేచిందండి! ఊరోళ్ళందరివీ లేచినియ్యండి. ఊడుపులు కూడా అయిపోయినియ్యి. మీ కుర్చీలు మా మళ్ళో దొరికినియ్యండి. ఓ మైకూ, ఓ శాలువా కూడా. కడిగి వరసగా పెట్టించాను, ఆరికి వరసంటే ఇష్టం కదండి."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వు ఒక పక్క, ఏడుపు ఒక పక్క. పైరు ఎలా ఉందని అడిగాను.

"బెమ్మాండంగా ఉందండి. గానండి..." అని ఆగాడు. ఎప్పుడూ నీళ్ళెప్పుడని అడిగే మనిషి, ఈసారి మాట మార్చాడు. "వచ్చే నెల పొట్టకొత్తాదండి. అప్పుడింకో తడి కావాలి. మళ్ళీ ఆవిష్కరణ ఎప్పుడు పెడతారండి?"